పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి

ప్రశ్న: మావారికి టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికొచ్చి వారమైంది. జ్వరం లేదు, మందులు ఇంకా వాడుతున్నారు. అన్నం పెడితే తిరగబెడుతుందని మా అత్తగారు బ్రెడ్డు, పాలే ఇస్తున్నారు. నోరు చేదంటూ ఆయన అదీ వదిలేస్తున్నారు. బాగా నీరసించిపోయారు. భోజనం ఎప్పటినుంచి పెట్టవచ్చు డాక్టర్ గారూ?
- ఒక సోదరి, రాజోలు

జవాబు: ఈ పూటే పెట్టండమ్మా. టైఫాయిడ్ కొందరికి రెండు మూడు వారాల్లో తిరగబెట్టే మాట నిజమే. అది అన్నం వల్ల రాదు, ఒంట్లో మిగిలిపోయిన క్రిమి వల్ల వస్తుంది. అందుకే యాంటీబయాటిక్ కోర్సు చివరి మాత్ర దాకా వేయించండి. మీ అత్తగారి భయం ఊరికే పుట్టలేదు. ఈ జబ్బులో చిన్నపేగు లోపల పుండ్లు పడతాయి. సరైన మందుల్లేని రోజుల్లో పేగుకు చిల్లుపడి ఎందరో పోయారు. అప్పట్లో వైద్యులే లంఖణాలు పెట్టించేవారు. 19వ శతాబ్దంలోనే డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ ఆ పద్ధతిని కాదని, జ్వరమొచ్చినవాళ్లకు తిండి పెట్టించాడు. జ్వరం కండను కరిగించేస్తుంది. అది మళ్లీ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. రెండు బ్రెడ్డు ముక్కలతో అయ్యే పని కాదు.

మెత్తగా వండిన అన్నంలో పెసరకట్టు, నెయ్యి చుక్క వేయండి. ఆనపకాయ, పొట్లకాయ కూరలు మంచివి. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. చేపలు తినే ఇల్లయితే కొరమేను ముక్కను కారం, పులుపు తగ్గించి వండి, ముల్లు తీసి పెట్టండి. పొద్దున్నే పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్క వేడివేడిగా పెడితే ఆయన బ్రెడ్డు ఊసెత్తరు. ఆవకాయ, వేపుళ్లు, పీచెక్కువుండే పనసపొట్టు కూర మాత్రం కొన్నాళ్లు ఆపండి.

నోటి చేదుకు పలుచటి చారు కాచండి. ఇంగువ, జీలకర్ర పోపు వాసన తగలగానే లాలాజలం, జీర్ణరసాలు ఊరతాయి. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా పెట్టండి, బలవంతం వద్దు. నడవగలిగితే అందరితో పాటు కూర్చోబెట్టండి. ఇంట్లోవాళ్ల మధ్య మనిషి మరో రెండు ముద్దలు ఎక్కువ తింటాడు.

ఆయన మలంలో క్రిమి కొన్ని వారాలుండొచ్చు. దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వంటపనిలో చెయ్యి పెట్టకూడదు. తాగే నీళ్లు అందరికీ మరగించాల్సిందే. తీవ్రమైన కడుపునొప్పి, నల్లటి విరేచనం, మళ్లీ జ్వరం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: జ్వరం తగ్గిన మా నాన్నగారికి రోజూ బొండాలు తాగిస్తున్నాం. ఆయనకు కిడ్నీ జబ్బుంది. పర్వాలేదా?
- కొత్తపేట పాఠకుడు

జవాబు: ఆపండి. బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. రక్తపరీక్ష చూసి మీ డాక్టరు సరేనంటేనే ఇవ్వండి. మిగతావాళ్లకు బొండం మంచిదే గానీ, విరేచనాలవుతుంటే అదొక్కటే చాలదు. అందులో సోడియం తక్కువ. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపి తాగించాలి.