శోధనసూచికను ఎప్పటికప్పుడు వ్రాయవలెనా, ఒక్కమారే కూర్చవలెనా?

విద్యార్థులారా! మీ చరిత్ర పుస్తకము చివర అకారాదిక్రమమున నొక పదసూచిక యుండును. హంపి యను మాట యే పుటలయందు గలదో యది క్షణములో తెలుపును. అది లేనియెడల పుస్తకమంతయు తిరుగవేయవలసినదే. కంప్యూటరులో మనము వెదకునప్పుడు జరుగునదియు నిదియే. యంత్రము పత్రములన్నిటిని అప్పుడు చదువదు. ముందుగా సిద్ధపరచిన సూచికను మాత్రమే చూచును. దీనిని ఇండెక్సు అందురు. ఇందు లేని పత్రము లోకమున నున్నను, వెదకువానికి లేనట్లే.

క్రొత్త పత్రము వచ్చినప్పుడు దాని నిందు ఎప్పుడు చేర్చవలెను? ఇందుకు రెండు మార్గములు గలవు.

మొదటిది బ్యాచ్ పద్ధతి. పగలు వచ్చిన పత్రముల నన్నిటిని ప్రోగుచేసి, రాత్రి యొక్కమారే సూచిక కూర్చుదురు. పదములను ఒక్కసారియే క్రమపరచుటచే శ్రమయు వ్యయమును తగ్గును. సూచిక పొందికగా నుండును. పనిలో పొరపాటు దొర్లినచో పాతదానినే యుంచి, క్రొత్తదానిని మరల చేయవచ్చును. దీని లోపము ఆలస్యము.

ఈ లోపము చిన్నదని తలంపరాదు. రెండేండ్ల క్రిందట మా బంధువునకు శస్త్రచికిత్సకై రక్తము వలసెను. ఒక సంస్థవారి జాబితాలో వెదుకగా కావలసిన వర్గపు రక్తము గలదని కనబడెను. పరుగెత్తి పోతిమి. అది ఆ యుదయముననే మరియొకరి కీయబడెనట. జాబితా రాత్రి మాత్రమే సరిచేయబడునట. వేరొక చోట సంపాదించుటకు రెండు గంటలు పట్టెను. ఆయన బ్రదికెను గాని, ఆ రెండు గంటలను నేను మరువలేదు.

రెండవది రియల్ టైమ్ పద్ధతి. వచ్చిన పత్రమును వచ్చినట్లే చేర్చుదురు. ఇందు తాజాతనము లభించును. కాని చిన్న చిన్న సూచికాఖండములు పెరిగిపోవును. వానిని యంత్రము మాటిమాటికి కలుపుచుండవలెను. ఈ పని శోధనకు కావలసిన బలమునే కొంత హరించును. కావుననే 2010లో వెలువడిన ఎలాస్టిక్‌సెర్చ్ సయితము ప్రతి పత్రమునకు తెరువక, సాధారణముగా సెకనున కొకమారు క్రొత్తవానిని శోధనకు తెరచును. లక్షలకొలది పత్రములను ఒక్కసారి నింపునప్పుడు ఈ తెరచుటను తాత్కాలికముగా నాపుట మంచిది.

గూగుల్ సంస్థ చరిత్రయు నిదియే బోధించును. పూర్వము కొన్ని పుటలే మారినను, సంగ్రహమునంతటిని మరల మథింపవలసి వచ్చెడిది. 2010 జూన్ నెలలో వారు కెఫీన్ అను క్రొత్త విధానమును ప్రకటించిరి. మారిన పుటలనే యెప్పటికప్పుడు చేర్చుటచే ఫలితములలోని పత్రముల సగటు వయస్సు సగము తగ్గెను. అయితే ఈ లాభము ఊరక రాలేదు. అందుకు యంత్రబలము హెచ్చుగా వెచ్చింపవలసి వచ్చెను.

మరి మన మెట్లు ఎన్నుకొనవలెను? మూడు ప్రశ్నలు వేసికొనుడు. పత్రములు ఎంత తరచుగా మారును? వెదకువాడు ఎంతసేపు ఓర్వగలడు? పాత సమాచారమువలన ఎవరికేమి హాని కలుగును? హాని స్వల్పమైనచో బ్యాచ్ చాలును. హాని గొప్పదైనచో వ్యయమునకు వెనుదీయరాదు. పెక్కు చోట్ల రెండింటిని కలుపుటయే మేలు: మార్పులను వెంటనే చేర్చుచు, అప్పుడప్పుడు సూచికనంతటిని మూలమునుండి మరల కట్టినచో తప్పిపోయినవియు దొరకును.

ఒక హెచ్చరిక. సూచిక యెంత తాజాదైనను అది దారి చూపునదే కాని సాక్షి కాదు. రక్తము, రైలు సీటు, మందు వంటి వానియందు తుది మాట అసలు రిజిస్టరునుండియే తీసికొనవలెను.

అభ్యాసము: నిఘంటువు, రైలులో ఖాళీ సీట్లు, మన పత్రిక పాత సంచికలు, తుపాను హెచ్చరికలు — వీనిలో దేనికే పద్ధతి తగునో కారణములతో వ్రాయుడు.