అవ్వ చెప్పిన గ్రీజు డబ్బా: మార్మైట్‌ని మన వంటల్లో వాడే పద్ధతులు

ఫ్రెండ్స్, ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇది తెలుగులో నేను రాస్తున్న మొదటి పెద్ద వ్యాసం. తప్పులుంటే క్లబ్బు సీనియర్లు దిద్దండి, నవ్వుకున్నా పర్లేదు.

మాది మైపాడు దగ్గర ఊరు. పోయిన సంక్రాంతికి లండన్ నుంచి మా పెదనాన్న కొడుకు వచ్చాడు. చాక్లెట్లతో పాటు పసుపు మూత ఉన్న ఒక నల్లటి సీసా తెచ్చాడు. పేరు మార్మైట్. బ్రెడ్ మీద పూసుకుంటారు అన్నాడు. నేను జామ్ అనుకుని స్పూన్ నిండా తీసి పూసుకుని కొరికాను. అర నిమిషంలో పెరట్లో కుళాయి దగ్గరున్నాను. అంత ఉప్పు! మా అవ్వ మూత తీసి వాసన చూసి, "ఏందిరా ఇది, బోటింజనుకు పూసే గ్రీజు తెచ్చినాడా మీ అన్న?" అనింది. అప్పుడు మా అక్క ఆరో నెల, పుట్టింటికి వచ్చి ఉంది. ఆ వాసనకే లేచి వెళ్ళిపోయింది.

పండగ అయ్యేసరికి సీసా అలాగే మిగిలింది. పారెయ్యబుద్ధి కాలేదు. దీన్ని ఏం చెయ్యొచ్చో చూద్దాం అని మొదలుపెట్టాను. చివరికి అది అక్క మాత్రల దాకా వెళ్ళింది. వరసగా చెప్తాను.

అసలు ఇది ఏంటి?

బీరు తయారుచేసే పీపాల్లో పని అయిపోయాక ఈస్టు బోలెడంత మిగిలిపోతుంది. బ్రెడ్డు పిండిని పొంగించే సూక్ష్మజీవి ఉంది కదా, అదే. ఈ మిగిలిన ఈస్టుని చిక్కబరిచి తినొచ్చు అని 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టస్ ఫాన్ లీబిగ్ కనిపెట్టాడు. 1902లో ఇంగ్లండ్‌లో బర్టన్ అపాన్ ట్రెంట్ అనే బీరు ఊళ్ళో మార్మైట్ కంపెనీ పెట్టారు. మార్మైట్ అంటే ఫ్రెంచి భాషలో వంట కుండ. సీసా లేబుల్ మీద ఉండే బొమ్మ అదే. ఆస్ట్రేలియాలో ఉన్న మన వాళ్ళకి తెలిసిన వెజిమైట్ దీని తమ్ముడు. 1922లో మెల్‌బోర్న్‌లో సిరిల్ కాలిస్టర్ అనే ఆయన తయారుచేశాడు.

తయారీ విచిత్రంగా ఉంటుంది. ఈస్టుకి ఉప్పు కలిపి వెచ్చగా ఉంచితే కణాలు చచ్చిపోతాయి. అప్పుడు వాటి లోపలున్న ఎంజైములే వాటి ప్రోటీన్లని ముక్కలు చేసేస్తాయి. తనని తానే అరిగించుకోవడం అన్నమాట. దీన్ని ఆటోలిసిస్ అంటారు. తర్వాత పొట్టు తీసేసి, మిగిలిన రసాన్ని నల్లగా చిక్కబడేదాకా కాస్తారు.

ఆ ముక్కల్లో ముఖ్యమైనది గ్లుటామిక్ ఆమ్లం. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు పులుసులో ఉన్న ప్రత్యేకమైన రుచికి కారణం ఇదేనని కనుక్కుని, దానికి ఉమామి అని పేరు పెట్టాడు. మన షడ్రుచుల్లో దీనికి విడిగా పేరు లేదు. కానీ "కూర కమ్మగా ఉంది" అంటామే, ఆ కమ్మదనంలో ఇది చాలావరకు ఉంటుంది. టమోటాల్లో, పుట్టగొడుగుల్లో కూడా ఇది ఉంటుంది.

అవ్వ థియరీ

ఇదంతా నేను అవ్వకి చెప్తుంటే ఆమె వేలి కొనతో ఆవగింజంత తీసి నాకి చూసింది. కాసేపు ఆగి, "ఇది ఎండురొయ్యల పొడి మాదిరి ఉండాది. దాన్ని ఎవురన్నా గుప్పిళ్ళతో తింటారా? చిటికెడు కూరలో ఎయ్యాల" అనింది.

నా పొరపాటు ఒక్క ముక్కలో తేలిపోయింది. మా తీరంలో నెత్తళ్ళు, రొయ్యలు ఎండబెడతారు. వంకాయ కూరలో నాలుగు ఎండురొయ్యలు పడితే కూర మొత్తం మారిపోతుంది. ఆ రొయ్యల్నే కంచం నిండా పెడితే ఎవరూ తినలేరు. మార్మైట్ కూడా అంతే. అది తినే పదార్థం కాదు, కూరకి రుచి పట్టించే పదార్థం.

వాడే పద్ధతులు

ముందు మూడు రూల్స్. ఒకటి, ఇందులో నూరు గ్రాములకి సుమారు 10 గ్రాములు ఉప్పే. అందుకని ఇది వేసే రోజు కూరలో ఉప్పు సగానికి తగ్గించి, చివర్లో రుచి చూసి సరిచెయ్యాలి. రెండు, నేరుగా తాలింపులో వెయ్యకూడదు, అడుగంటి మాడి చేదొస్తుంది. రెండు స్పూన్ల వేడినీళ్ళలో కరిగించి పొయ్యాలి. మూడు, నలుగురికి చేసే కూరకి అర టీస్పూన్ దాటకూడదు.

పప్పుచారు: దించే ముందు పావు టీస్పూన్ కరిగించి కలపాలి. చింతపండు పులుపుకి వెనక నిలబడుతుంది. మా ఇంట్లో బాగా కుదిరింది ఇదే. వాసనకి పారిపోయిన అక్క తెలియక రెండుసార్లు పోయించుకుంది.

పుట్టగొడుగుల వేపుడు: ముక్కల్లో నీళ్ళు ఇగిరిపోయాక కరిగించిన మార్మైట్, మిరియాల పొడి వేసి ఒక నిమిషం వేయించాలి. మాంసం తినే వాళ్ళు కూడా ఏం వేశావు అని అడుగుతారు.

వంకాయ టమోటా కూర: మా హాస్టల్ రూమ్మేట్ శాకాహారి. ఎండురొయ్యల వంకాయ గురించి నేను చెప్పడమే కానీ వాడు తినలేడు. టమోటా మగ్గాక అర టీస్పూన్ మార్మైట్ వేసి చేసి పెట్టాను. అచ్చం అదే రుచి రాదు, కానీ ఆ దారిలోనే ఉంటుంది.

కారం దోశ: ఎర్రకారంలో ఉప్పు మానేసి, ఆ స్థానంలో కొంచెం మార్మైట్ కలిపి దోశ మీద పూసి, పైన నెయ్యి. నెల్లూరు వాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు. ఒకసారి తిని తిట్టండి.

హాస్టల్ టోస్ట్: ముందు వెన్న దండిగా, దాని మీద మార్మైట్ కనీకనపడనట్టు. నేను మొదటిరోజు తల్లకిందులుగా చేశాను.

చేపల పులుసులో మాత్రం వద్దు. చేప, టమోటా, మామిడికాయ ఉన్న చోట దీనికి పని లేదు. బీపీ ఉన్న పెద్దవాళ్ళ కంచంలో జాగ్రత్త. గోధుమ, బార్లీ పడని వాళ్ళు అసలు ముట్టుకోవద్దు.

బొంబాయి నుంచి భీమవరం దాకా

వంటల కోసం వెతుకుతుంటే నాకు లూసీ విల్స్ అనే పేరు తగిలింది. ఆమె ఇంగ్లండ్ డాక్టర్. 1928లో బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు గర్భంతో ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్ళ రక్తంలో ఎర్రకణాలు మామూలుకన్నా పెద్దగా ఉండేవి. ఐరన్ లోపం వల్ల వచ్చే రక్తహీనత అలా ఉండదు. విల్స్ వాళ్ళ తిండిని గమనించింది, ఎలుకల మీద, కోతుల మీద పరీక్షలు చేసింది. జబ్బుపడ్డ కోతికి మార్మైట్ పెడితే కోలుకుంది. తర్వాత ఆ తల్లులకి ఇచ్చింది, వాళ్ళూ కోలుకున్నారు. 1931లో ఆ ఫలితాలు ప్రచురించింది. మార్మైట్‌లో ఏముందో అప్పటికి ఎవరికీ తెలీదు కాబట్టి దానికి విల్స్ ఫ్యాక్టర్ అని పేరొచ్చింది.

1941లో పాలకూరలాంటి ఆకు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అన్నారు. విల్స్ వెతికింది ఇదే. దాన్ని 1945లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల బృందం రసాయనికంగా తయారుచేసింది. ఆ పరిశోధనకి నాయకుడు ఎవరో తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ తర్వాత ఫోలిక్ యాసిడ్ మాత్ర రూపంలో చౌకగా దొరకడం సాధ్యమైంది. ఆయన 1948లో చనిపోయాడు. నేను బయాలజీ రికార్డులో ఫోలిక్ యాసిడ్ అని ఎన్నోసార్లు రాశాను, ఆ పేరు వెనక మన మనిషి ఉన్నాడని ఏ రోజూ తెలీదు.

అక్క మాత్రలు

ఇది చదివిన రాత్రే నేను అక్క దగ్గరికి సీసా తీసుకుని వెళ్ళాను. ఎందుకంటే అంతకుముందు వారమే ఒక సంగతి బయటపడింది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్ర మాత్రలు వేసుకుంటే వాంతులవుతున్నాయని అక్క వాటిని బియ్యం డబ్బాలో దాచేస్తోంది. అప్పుడు ఆమె హిమోగ్లోబిన్ 8.6. "ఈ గ్రీజులో కూడా అదే మందుందంట, అక్కా. మాత్రలు వద్దులే, రోజూ పప్పుచారులో వేస్తాను" అన్నాను. అక్క సంతోషంగా ఒప్పుకుంది.

మర్నాడు నర్సమ్మ వచ్చినప్పుడు గొప్పగా చెప్పాను. ఆమె నవ్వలేదు. "ఈ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి నాయనా. నీ సీసాలో ఐరన్ ఏది? అంత రావాలంటే ఎంత ఉప్పు తాగిస్తావు మీ అక్క చేత?" అనింది. నా దగ్గర జవాబు లేదు. విల్స్ కథలో నేను సగమే అర్థం చేసుకున్నాను. ఆమె సీసా ఇచ్చింది అప్పటికి మాత్ర లేదు కాబట్టి. మాత్ర కోసం సుబ్బారావు అంత కష్టపడింది ఎవరూ ఇంక సీసా మీద ఆధారపడకూడదనే కదా.

నర్సమ్మే దారి చెప్పింది. మాత్ర పరగడుపున కాకుండా రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంది. దగ్గర్లో టీ, పాలు తాగొద్దంది, కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోమంది. నిమ్మరసం మంచిదంది. వాంతులు తగ్గాయి. రెండు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. రోజూ రాత్రి ఎనిమిదింటికి హాస్టల్ నుంచి ఫోన్ చేసి "వేసుకున్నావా?" అని అడగడం నా డ్యూటీ. ఒక్కోసారి విసుక్కునేది, కానీ వేసుకునేది.

సీసాలో ఇంకా సగం ఉంది. మీ హాస్టల్ రూంకి కూడా ఫారిన్ చుట్టాలు తెచ్చిన ఇలాంటిది ఏదన్నా వచ్చి ఉంటే పారెయ్యకండి, పప్పుచారుతో మొదలుపెట్టండి. అలాగే ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అక్కో వదినో ఎర్ర మాత్రలు ఎక్కడ పెడుతోందో ఒకసారి చూడండి. మా ఇంట్లో బియ్యం డబ్బాలో దొరికాయి.