నడుము వంగితే ముసలితనమే అనుకోకండి

లూకా సువార్త 13వ అధ్యాయంలో పద్దెనిమిది ఏండ్లుగా నడుము వంగిపోయిన ఒక స్త్రీ ఉంది. సమాజమందిరంలో అంతమంది మధ్య ప్రభువు ఆమెను చూచి దగ్గరకు పిలిచాడు. మన ఇండ్లలోనూ నడుము వంగిన తల్లులున్నారు. "వయసైపోయింది కదా" అని మనం చూడకుండా వదిలేస్తున్నాం.

ఎముక గుల్లబారడం అంటే?

ఎముకలో పాతది కరుగుతూ, కొత్తది కడుతూ ఉంటుంది. సుమారు 30 ఏండ్ల తర్వాత కరగడమే ఎక్కువవుతుంది. ముట్లు ఆగిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గి ఇంకా వేగంగా కరుగుతుంది. చాలామందికి ముందు నొప్పి తెలియదు. చిన్నగా జారిపడి మణికట్టో, తుంటో విరిగినప్పుడే బయటపడుతుంది.

గర్భసంచి ఆపరేషన్ అయినవారు

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే దేశంలోకెల్లా ఎక్కువ. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసివేస్తే, 50 ఏండ్లకు మొదలయ్యే నష్టం అప్పుడే మొదలవుతుంది. మీ ఇంట్లో అటువంటివారుంటే పాత కాగితాలు తెచ్చి డాక్టరుగారికి చూపండి. డెక్సా పరీక్షలో టి-స్కోరు -2.5 లేదా అంతకన్నా తక్కువైతే ఎముక గుల్లబారినట్లు.

ఏమి తినాలి?

పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లు ఆగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గట్టు, గద్వాల వైపు జొన్నరొట్టె మన ముఖ్య ఆహారం. కానీ 100 గ్రాముల జొన్నలలో కాల్షియం 30 మిల్లీగ్రాములైనా ఉండదు. అంతే రాగులలో సుమారు 350 ఉంటుంది. జొన్నరొట్టె మానవద్దు, దానితోపాటు రాగి ముద్ద, పాలు లేక పెరుగు, నువ్వుల పొడి, మునగాకు కూర పెట్టండి. ముఖానికి, చేతులకు కొంచెం ఎండ తగలనివ్వండి. బీడీ, పొగాకు, సారా మాన్పించండి.

ఇంటివారు చేయవలసినవి

• స్నానాల గదిలో తడి, పాచి లేకుండా చూడండి.
• రాత్రి లేచే దారిలో దీపం ఉంచండి.
• రోజూ కొంతదూరం నడిపించండి.
• స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ కాలం వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు.
• ఎముకకు వారానికొక మాత్ర ఇస్తే, పరగడుపున గ్లాసు నీళ్ళతో మింగించి అరగంట పడుకోనివ్వకండి.

ఒకసారి విరిగిన ఎముక మరో ఎముక విరగవచ్చునని చేసే హెచ్చరిక. కట్టు విప్పగానే వైద్యం ముగిసిందనుకోకండి. ఈ రోజు ఇంటికి వెళ్ళగానే మీ అమ్మగారి నడుమువైపు ఒకసారి చూడండి. దేవుడు మీ ఇంటివారిని కాపాడును గాక.