ఒక తండ్రి నిర్ణయం – జస్టిస్ ఫాతిమా బీవీ జీవితం నేర్పే పాఠం



ఆడపిల్ల చదువుకు సాయం అడిగినప్పుడు మనలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంకెన్నాళ్లు చదివించాలి?" ఈ ప్రశ్నకు జస్టిస్ ఎం. ఫాతిమా బీవీ జీవితంలో మంచి సమాధానం దొరుకుతుంది. వకీలుగా మొదలై, సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తిగా, ఆపై తమిళనాడు గవర్నరుగా పనిచేసిన వనిత ఆమె.

బాల్యం, విద్య

ఆమె 1927 ఏప్రిల్ 30న అప్పటి తిరువాన్కూరు సంస్థానంలోని పత్తనంతిట్టలో జన్మించారు. తండ్రి మీరా సాహిబ్, తల్లి ఖదీజా బీవీ. తోబుట్టువులందరిలో ఆమే పెద్ద. స్థానిక కాథలికేట్ హైస్కూలులో చదివి, తిరువనంతపురం యూనివర్సిటీ కాలేజీలో బి.ఎస్సీ. పూర్తి చేశారు.

ఆమె మనసు రసాయన శాస్త్రం మీద ఉండేది. లా చదవమని ప్రోత్సహించింది తండ్రి. అదే తిరువాన్కూరులో అన్నా చాందీ అనే మహిళ 1937లోనే మున్సిఫ్‌గా నియమితురాలయ్యారు. ఆ ఉదాహరణ మీరా సాహిబ్ మనసులో నాటుకుంది. ఒక స్త్రీ చేయగలిగిన పని తన కూతురూ చేయగలదని ఆయన నమ్మారు. ముస్లిం కుటుంబాల్లో ఆడపిల్ల హైస్కూలు దాటడమే అరుదైన రోజులవి.

తిరువనంతపురం లా కాలేజీలో చదివి, బార్ కౌన్సిల్ పరీక్షలో ప్రథమ స్థానంలో నిలిచి ఆమె బంగారు పతకం పొందారు. 1950 నవంబర్ 14న అడ్వకేటుగా నమోదయ్యారు. మన సుప్రీంకోర్టు ఏర్పడింది కూడా ఆ ఏడాది జనవరిలోనే.

మెట్టు తర్వాత మెట్టు

దాతలు ముఖ్యంగా గమనించవలసినది ఆ తర్వాతి సంవత్సరాలను. అడ్వకేటుగా చేరిన ఎనిమిదేళ్లకు, 1958లో, ఆమె మున్సిఫ్ అయ్యారు. మరో పదేళ్లకు, 1968లో, సబార్డినేట్ జడ్జి. 1972లో చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్, 1974లో జిల్లా సెషన్స్ జడ్జి, 1980లో ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ సభ్యురాలు, 1983లో కేరళ హైకోర్టు న్యాయమూర్తి.

1989 ఏప్రిల్‌లో హైకోర్టు నుంచి రిటైరయ్యారు. ఇక విశ్రాంతే అనుకునే వయసు. కానీ ఆ ఏడాదే అక్టోబర్ 6న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. సుప్రీంకోర్టు ఏర్పడిన 39 ఏళ్లకు గానీ అక్కడ ఒక మహిళ కూర్చోలేదు. రెండవ మహిళ జస్టిస్ సుజాతా మనోహర్ రావడానికి 1994 దాకా ఆగవలసి వచ్చింది. అడ్వకేటుగా నమోదైన నాటి నుంచి లెక్కిస్తే ఫాతిమా బీవీ ఆ స్థానం చేరడానికి దాదాపు 39 ఏళ్లు పట్టింది.

1992లో పదవీ విరమణ చేశాక జాతీయ మానవ హక్కుల కమిషన్ సభ్యురాలిగా సేవలందించారు.

రాజ్‌భవన్‌లో

తమిళనాడు గవర్నరుగా ఉన్న మన తెలుగు నాయకుడు మర్రి చెన్నారెడ్డి 1996 డిసెంబర్‌లో కన్నుమూశారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ గవర్నరు కృష్ణకాంత్ కొద్ది వారాలు అదనపు బాధ్యత చూశారు. 1997 జనవరి 25న ఫాతిమా బీవీ ఆ పదవి చేపట్టారు.

ఆమె జీవితంలోని కష్టమైన ఘట్టాన్ని దాచడం న్యాయం కాదు. 2001 మే నెలలో అన్నాడీఎంకే ఎన్నికల్లో గెలిచింది. అవినీతి కేసులో శిక్ష పడి పోటీకి అనర్హురాలైన జయలలితను శాసనసభా పక్షం నాయకురాలిగా ఎన్నుకుంది. గవర్నరు ఆమె చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. దీనిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. జూన్ 30న కరుణానిధి అరెస్టు తర్వాత గవర్నరును వెనక్కి పిలవాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించగా, ఆమె రాజీనామా చేశారు. అదే సెప్టెంబర్ 21న సుప్రీంకోర్టు ఆ ముఖ్యమంత్రి నియామకం చెల్లదని తీర్పు చెప్పింది. ఒకప్పుడు తాను కూర్చున్న న్యాయస్థానమే తన నిర్ణయాన్ని తప్పుబట్టింది. చట్టం ముందు ఎంత పెద్దవారైనా ఒకటే అనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. ఆ ఒక్క ఘట్టంతో అయిదు దశాబ్దాల శ్రమ చెరిగిపోదు. ఆ శ్రమ గొప్పదని ఈ ఘట్టాన్ని మరచిపోనూ కూడదు.

2023 నవంబర్ 23న కొల్లంలో, 96వ ఏట ఆమె పరమపదించారు. 2024లో భారత ప్రభుత్వం మరణానంతరం పద్మభూషణ్ ప్రకటించింది.

మనకు పాఠం

మీరా సాహిబ్ కూతురు చదువును డిగ్రీతో ఆపి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన ఆపలేదు. లా పట్టా చేతికొచ్చాక కూడా మున్సిఫ్ ఉద్యోగం రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. పేదింటి పిల్లలు చదువు మానేసేది, వృత్తి వదిలేసేది సరిగ్గా ఇలాంటి మధ్యకాలంలోనే. మొదటి ఏడాది ఫీజు కట్టి ఫొటో దిగడం తేలిక. మూడో ఏడాది పుస్తకాలకు, కోర్సు పూర్తయ్యాక తొలి రోజుల బస్సు ఖర్చులకు, గది అద్దెకు కూడా అండగా నిలిచేదే నిజమైన సాయం.

"ఇంకెన్నాళ్లు చదివించాలి?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే: ఆమె తన కాళ్ల మీద తాను నిలబడేదాకా. ఈ సంవత్సరం మీరు ఏ బిడ్డకు చేయూతనిచ్చినా, వచ్చే సంవత్సరం కూడా ఆ బిడ్డ పేరు అడిగి తెలుసుకోండి.