ఫొటో కింద నాలుగు మాటలు

గుంతకల్లు అనగానే రైళ్ళు గుర్తుకొస్తాయి. అది నాలుగు వైపులకూ దారులున్న పెద్ద జంక్షన్. ఊరు దాటి పొలాల వైపు పోతే నల్లరేగడి చేలు, బీళ్ళు, గుట్టలు కనిపిస్తాయి. అనంతపురం సీమలో ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. "ఈ కరువు నేలలో చూసేదానికి ఏముంది?" అంటారు చాలామంది.

కృష్ణజింక ఉంది. గుంతకల్లు, వజ్రకరూరు, విడపనకల్లు, ఉరవకొండ మండలాల చేలల్లో ఇవి మందలుగా తిరుగుతాయి. కృష్ణజింకకు దట్టమైన అడవి అక్కరలేదు. గడ్డి బీడు కావాలి. కనుచూపు మేర అడ్డు లేని నేల కావాలి. మగజింక వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. కొమ్ములు మెలి తిరిగి ఉంటాయి. ఆడజింక లేత గోధుమ రంగులో ఉంటుంది. పరుగు తీస్తే కృష్ణజింక గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఇదే.

ఇట్లాంటి జంతువులను, పక్షులను ఫొటో తీసి వెబ్‌సైటులో పెట్టేవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు ఫోను ఉన్న ప్రతి ఒక్కరూ ఫొటో తీయగలరు. తీసిన ఫొటో నలుగురికీ పనికి రావాలంటే ఏం చేయాలి?

వెబ్‌సైటు అంటే ఏమిటి?

రచ్చకట్ట దగ్గర గోడపత్రిక అంటిస్తే ఊళ్ళోవాళ్ళు చదువుతారు. వెబ్‌సైటు కూడా గోడపత్రిక లాంటిదే. కానీ దాన్ని ఏ దేశంలో ఉన్నవాళ్ళైనా చూడొచ్చు. దానికి ఒక పేరు ఉంటుంది. ఆ పేరుకు ఏడాదికి ఇంత అని డబ్బు కట్టాలి. ఫొటోలు దాచే చోటుకు కూడా బాడుగ ఉంటుంది. బాడుగ కట్టకపోతే వెబ్‌సైటు మూతపడుతుంది. కాబట్టి అసలు ఫొటోలను ఇంకో రెండు చోట్ల దాచుకోవాలి. వెబ్‌సైటులో పెట్టే ఫొటో సైజు తగ్గించాలి. పెద్ద ఫొటో పల్లెటూరి ఫోనులో త్వరగా తెరుచుకోదు.

ఫొటో కింద ఏం రాయాలి?

రాత లేని ఫొటో ముద్దుగా ఉంటుంది, అంతే. అది ఎక్కడిదో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. కింద నాలుగు మాటలు రాస్తే అదే ఫొటో సాక్ష్యం అవుతుంది. ఇట్లా రాయొచ్చు:

ఏమిటి: కృష్ణజింకలు. ఆడవి 6, మగది 1.
ఎప్పుడు: రోజు, నెల, ఏడాది, వేళ.
ఎక్కడ: గుంతకల్లు మండలం.
ఏం చేస్తున్నాయి: బుడ్డల చేనులో మేస్తున్నాయి.

పేరు సరిగా రాయడం ముఖ్యం. హిందూపురం వైపు చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే ఊరుంది. ఏటా అక్కడికి కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఊరివాళ్ళు వాటికి హాని చేయరు. చాలామంది వాటిని "సైబీరియా పక్షులు" అని రాస్తారు. అది తప్పు. అవి ఎర్రకాళ్ళ కొంగలు. భారతదేశంలోనే పుట్టి పెరిగేవి. ఒకరు తప్పు రాస్తే పదిమంది అదే తప్పు రాస్తారు.

ఏం రాయకూడదు?

జింక ఫలానా గుట్ట కింద, ఫలానా బావి దగ్గర ఉందని రాయకూడదు. ఆ రాత వేటగాడు కూడా చదువుతాడు. ఫోనుతో తీసిన ఫొటోలో ఆ చోటు గుర్తు దానంతట అదే చేరిపోవచ్చు. కాబట్టి ఫోనులో ఆ సౌకర్యాన్ని ఆపి ఫొటో తీయాలి. ప్రపంచమంతా వాడే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటు కూడా అపాయంలో ఉన్న జంతువుల అసలు చోటు చూపించదు.

కృష్ణజింకను వేటాడడం నేరం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం 3 నుంచి 7 ఏళ్ళ దాకా జైలు శిక్ష పడుతుంది.

జింకపిల్ల పుట్టిన కొత్తలో గడ్డిలో కదలకుండా పడుకుంటుంది. తల్లి దగ్గరలోనే మేస్తూ ఉంటుంది. పిల్లను దిక్కులేనిది అనుకుని ఎత్తుకు రాకూడదు. ఫొటో కోసం దగ్గరికి పోకూడదు. మందను తరమకూడదు.

రైతు మాట కూడా వినాలి

విత్తనం మొలకెత్తగానే జింకలు చేలో పడతాయి. అప్పు తెచ్చి విత్తిన రైతుకు అది పెద్ద దెబ్బ. కెమెరా పట్టుకున్న పిల్లవాణ్ణి అట్లాంటి రైతు ఇట్లా అడగొచ్చు.

"ఏమప్పా, జింకను లోకానికంతా చూపిస్తావు. నా చేను పోయింది ఎవరు చూపిస్తారు?"

పిల్లవాడి దగ్గర జవాబు ఉండాలి.

"మీ చేను ఫొటో కూడా తీస్తా మామా. తేదీ వేస్తా. మీరు అర్జీ పెట్టేటప్పుడు దాన్ని జతచేయండి. సర్వే నంబరు, ఎన్ని సెంట్లు పోయిందీ అర్జీలో రాద్దాం."

జింక అందం ఒక్కటే చూపిస్తే అది సగం నిజం. దాని వల్ల పోయిన పంటను కూడా చూపించాలి. అప్పుడే జింకను కాపాడమనే మాటను రైతు కూడా వింటాడు.

రోళ్ళపాడు చెప్పే పాఠం

నంద్యాల జిల్లాలో రోళ్ళపాడు ఉంది. అది ముందు కర్నూలు జిల్లాలో ఉండేది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆ పిట్ట మీటరు ఎత్తు ఉంటుంది. గడ్డి బీడులో నేల మీదే గుడ్డు పెడుతుంది. బీళ్ళు తగ్గిపోయాయి. వేట, కరెంటు తీగలు కూడా వాటిని దెబ్బతీశాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద 150 కంటే తక్కువే మిగిలాయని అంచనా. రోళ్ళపాడులో అది కనిపించడమే గగనమైపోయింది. అది అక్కడ తిరిగిందని ఈనాటి పిల్లలకు చెప్పాలంటే చోటు, తేదీ రాసి పెట్టిన పాత ఫొటోలు కావాలి.

గుంతకల్లు బీళ్ళలో ఈ రోజు తీసే ఫొటో కూడా రేపటికి పాతదే. నాలుగు మాటలు ఈ రోజే రాయాలి.

గుర్తుంచుకోండి

1. ఫొటో కింద ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తున్నాయి అని రాయాలి.
2. మండలం పేరు చాలు. అసలు చోటు చెప్పకూడదు.
3. అసలు ఫొటో రెండు చోట్ల దాచాలి.
4. పంట నష్టం కూడా ఫొటో తీయాలి.

ఆలోచించి చెప్పండి

1. వీరాపురం కొంగలను సైబీరియా పక్షులు అనడం ఎందుకు తప్పు?
2. జింక ఉన్న చోటు రాస్తే ఏం ప్రమాదం?
3. మీ ఊరి చుట్టూ కనిపించే ఒక పక్షి గురించి నాలుగు మాటలు రాయండి.