ముందున్న రెక్కే ముందు స్టాల్ కావాలి

ప్రశ్న: ప్లాన్ తెచ్చుకుని బాల్సాతో టైగర్ మాత్ మోడల్ కడుతున్నాను. పై రెక్క, కింది రెక్క, తోక: వీటికి ఏ కోణాలు పెట్టాలి? రెండు రెక్కలకూ సమానంగా పెట్టమని ఒకరు, పైదానికి తక్కువ పెట్టమని ఇంకొకరు అంటున్నారు. ఎలాగూ ఎలివేటర్ ట్రిమ్ ఉంది కదా, ఇంత పట్టింపు అవసరమా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ట్రిమ్‌తో సర్దుకునేది తోక కోణం ఒక్కటే. తోక అర డిగ్రీ అటూ ఇటూ అయినా ఎలివేటర్ కాస్త కదిపితే సరిపోతుంది. రెండు రెక్కల మధ్య తేడాను మాత్రం ఏ ట్రిమ్మూ మార్చలేదు, ఎందుకంటే ముక్కు లేస్తే రెండూ ఒకే మేర లేస్తాయి. ఏది ముందు స్టాల్ కావాలన్నది చాలావరకు ఆ తేడాతోనే తేలిపోతుంది. టైగర్ మాత్ పై రెక్క కింది దానికన్నా ముందుకు ఉంటుంది. అది ముందు స్టాల్ అయితే లిఫ్ట్ ఎక్కువగా మిగిలేది వెనకున్న కింది రెక్క మీద. దాంతో ముక్కు దానంతటదే దిగి, విమానం వేగం పుంజుకుంటుంది. దీనికి ఐలరాన్లు కింది రెక్కకే కాబట్టి ఆ సమయంలోనూ అవి మాట వింటాయి. కింది రెక్క ముందు స్టాల్ అయిందా, ముక్కు ఇంకా పైకి లేస్తుంది, ఐలరాన్లూ పోతాయి. ల్యాండింగ్‌కు దిగుతూ ఇరవై అడుగుల ఎత్తులో ఇది జరిగితే సర్దుకునే వ్యవధి ఉండదు. అందుకని తోక 0, కింది రెక్క 1, పై రెక్క 2 డిగ్రీలతో మొదలుపెట్టండి.

పైదానికి తక్కువ పెట్టమనేవాళ్ల వాదనలో నిజం లేకపోలేదు. పై రెక్క నుంచి కిందికి వంగే గాలిలో కింది రెక్క పనిచేస్తుంది, దాని వాటా లిఫ్ట్ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి దాని కోణం పెంచమంటారు. కానీ ఆ లోటే కింది రెక్కను ఆలస్యంగా స్టాల్ చేస్తుంది. చేజేతులా దాన్ని పోగొట్టుకోవడం ఎందుకు? ఆ లెక్కన సమానంగా పెట్టినా చాలుగా అంటే, కాగితం మీద చాలు. స్ట్రట్ ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిగా తెగితే అర డిగ్రీ పైగా తారుమారవుతుంది. ఒక డిగ్రీ ఎక్కువ పెట్టమనేది ఆ పొరపాటును కాయడానికే. తలకిందులుగా ఎగిరితే ఈ తేడా ఎదురు తిరుగుతుంది, కాబట్టి ఏరోబాటిక్ మోడళ్లకు సమాన కోణాలే నయం. 1932లో వచ్చిన బీచ్ స్టాగర్‌వింగ్‌లాగా కింది రెక్క ముందున్న విమానానికి సూత్రం అదే, తేడా మాత్రం తిప్పి పెట్టుకోవాలి. ఇక 1931 నాటి అసలు టైగర్ మాత్ కోణాలనే దించుతామనే వాళ్లకు ఒక మాట: ఆ విమానాల్లో చాలావాటి పై రెక్క చివర్లకు స్టాల్‌ను ఆపే స్లాట్లు ఉండేవి. మీ మోడల్‌కు అవి ఉండవు, ఉన్నా ఎక్కువగా అలంకారానికే.

కోణం కొలవడంలోనే అసలు తంటా. ముందంచు నడిమి నుంచి వెనకంచు దాకా వెళ్లే గీతను కొలవాలి, రెక్క అడుగును కాదు. క్లార్క్ వై రెక్కకు అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి స్కేలు దానికే ఆనించాలనిపిస్తుంది. 200 మిల్లీమీటర్ల వెడల్పు రెక్కలో ముందంచు ఆ అడుగుకు 7 మిల్లీమీటర్లు పైన ఉంటుంది. అంటే మీరు సున్నా అనుకున్నది నిజానికి 2 డిగ్రీలు. రెండు రెక్కలూ క్లార్క్ వై అయితే వాటి మధ్య తేడా చెడదు, కానీ తోక బల్లపరుపు షీటు కనుక దానితో లెక్క పూర్తిగా తప్పుతుంది. అదే వెడల్పులో ఒక డిగ్రీ అంటే 3.5 మిల్లీమీటర్లు. ఫ్యూజలాజ్‌ను కదలకుండా బిగించి, మొదట్లోనూ చివర్లోనూ, కుడి ఎడమలు రెండూ కొలవండి. ఒక పక్క మెలిక పడితే పై లెక్కలన్నీ దండగ. సర్దాల్సి వస్తే క్యాబేన్ బోల్టుల దగ్గర పల్చటి ప్లై ముక్క చాలు.

సీజీ ప్లాన్‌లో చెప్పినచోట ఉందో లేదో చూసుకున్నాకే ఎగరేయండి. తగినంత ఎత్తులో, సగం త్రాటిల్‌తో తిన్నగా వెళ్లేలా ట్రిమ్ చేసి, కొంచెం డైవ్ చేయించి స్టిక్ వదిలేయండి. ముక్కు గబుక్కున లేస్తే సీజీ మరీ ముందుంది, కాస్త వెనక్కి జరపండి. డైవ్ ఇంకా నిటారవుతుంటే వెంటనే లాగి, దించి, ముక్కులో బరువు పెట్టండి. త్రాటిల్ పెంచినప్పుడే ముక్కు ఎగరేస్తుంటే మాత్రం రెక్కల జోలికి పోకుండా మోటారును ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచి చూడండి.