మా మావ కర్రపని పాక - కట్టిన విధము



గోడపత్రికకు పనికొచ్చే విషయం ఏదైనా రాయమని తెలుగు మాస్టారు చెప్పారు. నాకు బాగా తెలిసిన పని ఒక్కటే. 2023 వేసవి సెలవుల్లో మా మావ ఇంటి పెరట్లో వడ్రంగి పని చేసుకోవడానికి పాక కట్టాడు. నేను సెలవులన్నీ అక్కడే ఉండి మట్టి మోశాను, తాడు పట్టాను, తిట్లు కూడా తిన్నాను. ఆ పాక ఎలా కట్టామో, ఎందుకలా కట్టామో రాస్తున్నాను. మా ఊరు అరకు లోయ పక్కన కొండ మీద ఉంది. కాబట్టి వానా మంచూ ఎక్కువగా ఉండే చోట్లకి ఇది బాగా సరిపోతుంది.

ముందు పాక ఎందుకు అవసరం పడిందో చెప్పాలి. మావ అంతకు ముందు పనస చెట్టు కింద కూర్చుని పని చేసేవాడు. 2022 వానాకాలంలో పక్క ఊరి ఆయనకి తలుపు చేసి ఇచ్చాడు. పలకలు అప్పుడే కోసినవి. చెట్టు కింద వాన చినుకులు కూడా పడ్డాయి. బిగించిన రోజు తలుపు చక్కగా ఉంది. సంక్రాంతికి పలకల మధ్య వేలు దూరేటంత సందు వచ్చింది, రెక్క మెలి తిరిగింది. ఆయన నలుగురిలో అడిగాడు. మావ తీసుకున్న 4,000 రూపాయలు తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత మూడు నెలలు ఎవరూ పని ఇవ్వలేదు. "ఇంక విశాఖపట్నం పోయి సెంట్రింగు పని చేసుకుంటాను" అన్నాడు. అత్త ఏమీ అనలేదు. రెండు మేకల్ని సంతకి తోలుకుపోయి అమ్మి, ఆ డబ్బు తెచ్చి మావ చేతిలో పెట్టింది. పాక ఆ డబ్బుతోనే మొదలైంది.

మొదట కొలత. మావ పాకని 16 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు పెట్టాడు. ఇంత ఎందుకు అని అడిగాను. "ఏడడుగుల పలకకి చిత్రిక పట్టాలంటే పలక ఒక్కటే పడితే సాలదురా అల్లుడూ. ఈ కొసనా ఆ కొసనా మనిషి నిలబడాలి, రంపం ఆడాలి" అన్నాడు. అందుచేత పాక కొలవాలంటే ముందు మనం చేసే వస్తువుల్లో అన్నిటికంటే పొడవైనదాన్ని కొలవాలి.

నాలుగు మూలలూ సరిగా రావడానికి మావ చేసిన పని చూసి నేను ఆశ్చర్యపోయాను. మూల దగ్గర మేకు కొట్టి ఒక తాడు మీద 6 అడుగులు, రెండో తాడు మీద 8 అడుగులు గుర్తు పెట్టాడు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 10 అడుగులు వచ్చేదాకా తాడు జరిపాడు. 36, 64 కలిపితే 100. లెక్కల పుస్తకంలో ఉన్న పైథాగరస్ సిద్ధాంతమే ఇది! మావ ఐదో తరగతితో మానేశాడు, ఆయనకి ఆ పేరు తెలియదు. తర్వాత ఎదురెదురు మూలలకి తాడు లాగి రెండు కర్ణాలూ కొలిచాము. మొదటిసారి మూడు అంగుళాలు తేడా వచ్చింది. నేను పట్టుకున్న మేకు కదిలిందట. మళ్ళీ మొదలుపెట్టాము. రెండోసారి రెండూ 18 అడుగుల పదిన్నర అంగుళాల దగ్గర సమానంగా వచ్చాయి.

కొండ వాలు కదా, పైనుంచి వాన నీరు పాకలోకి రాకుండా ఎగువ వైపు కాలువ తవ్వాము. రాయి, మట్టి కలిపి అడుగున్నర ఎత్తు అరుగు కట్టి, పైన మొరం పోసి దిమ్మిసతో కొట్టాము. నా అరచేతులు బొబ్బలెక్కింది ఇక్కడే. సిమెంటు చెయ్యలేదు. ఉలి జారి సిమెంటు మీద పడితే దాని పదును విరుగుతుంది, మట్టి మీద పడితే విరగదు. కానీ మట్టి నేల అంటే చెదలు వస్తాయి. అందుకని నీలగిరి స్తంభాల్ని నేలలో పాతకుండా ఒక్కొక్కటీ రాతి మీద నిలబెట్టి, అడుగు భాగానికి తారు పూశాము. చెదలు రాతి మీదుగా పైకి పాకితే మట్టి గీత కనిపిస్తుంది. ఆ గీతని చీపురుతో చెరపడం అత్త కూతురి పని.

పైకప్పు గురించి ఇంట్లో గొడవ జరిగింది. రేకులైతే రెండు రోజుల్లో అయిపోతుంది, మా నాన్న అదే వెయ్యమన్నాడు. మావ వద్దన్నాడు. మా దగ్గర శీతాకాలం రాత్రి రేకు బాగా చల్లబడుతుంది. గాలిలోని ఆవిరి దాని లోపలి వైపు నీటి చుక్కలై తెల్లవారేసరికి కింద రాలుతుంది. సైన్సులో సాంద్రీకరణం అని చదివాము కదా, అదే. ఆ చుక్కలు రంపం మీద పడితే తుప్పు, ఆరబెట్టిన పలక మీద పడితే మచ్చ. చివరికి పాత బెంగుళూరు పెంకులు దొరికాయి. చదరపు మీటరుకి సుమారు 15 పెంకులు పడతాయి. మా కప్పు చూరుతో కలిపి దాదాపు 30 చదరపు మీటర్లు. అంటే 450. విరిగేవి కలుపుకుని 500 కొన్నాము, ఒక్కొక్కటి 12 రూపాయలు, మొత్తం 6,000. చూరు రెండడుగులు బయటికి వదిలాము.

గోడలు మూడడుగుల దాకా మట్టి, ఆ పైన వెదురు తడకలు. వెదురు మా ఊరి అడవిదే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో ఉన్నది. కలప మాత్రం ఆ జాబితాలో లేదు. కాబట్టి టేకు గాని వేగిస గాని అడవిలో కొట్టుకొస్తే తప్పు. మావ పలకలు సామిల్లులోనే కొంటాడు, బిల్లు చూరులో దోపుతాడు.

కిటికీ ఉత్తరం వైపు పెట్టాము. ఉత్తరపు వెలుగు రోజంతా ఒకేలా ఉంటుంది, ఎండ పడి గీసిన గీత కనిపించకుండా పోదు. ఒక్క చిక్కు ఉంది. మనం కర్కటరేఖకి దక్షిణాన ఉన్నాము. అందువల్ల మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. అప్పుడు కూడా చూరు రెండడుగులు ఉండటంతో ఎండ బల్ల మీదికి రాలేదు.

ఇప్పుడు బల్ల. మావ ఇన్నాళ్ళూ నేల మీద మొద్దు పెట్టుకుని, కాలి వేళ్ళతో కర్రని నొక్కిపట్టి పని చేసేవాడు. ఎడమ కాలి మీద ఉలి దెబ్బలు నాలుగు ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. బల్ల ఎత్తు ఇంత అని పుస్తకం ఏమీ లేదు. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు ఎక్కడికి వస్తుందో అక్కడికి. మావకి 32 అంగుళాలు వచ్చింది. ఇంతకన్నా ఎత్తైతే చిత్రిక తోసేటప్పుడు ఒళ్ళు బరువు పడదు, తక్కువైతే నడుము పోతుంది. పైపలకకి విప్పేసిన పాత ఇంటి నల్లమద్ది దూలం కోయించాడు. అది ఎన్నో ఏళ్ళ కిందటిది, పూర్తిగా ఆరిపోయి ఉన్నది, పైగా బరువు. బల్ల బరువుగా లేకపోతే పనితో పాటు అదీ నడుస్తుంది. కర్రని పట్టుకోవడానికి ఒక ఇనప వైసు బిగించాడు.

పనిముట్లు లోపలి గోడకి కట్టిన పలక మీద తగిలించాము. బాడిస, ఉలులు, చిత్రిక, మూలమట్టం ఒక్కొక్కదాని చుట్టూ నేను బొగ్గుతో గీత గీశాను. సాయంత్రం చూస్తే ఏది లేదో ఖాళీ గీత చెప్పేస్తుంది. తుప్పు పట్టకుండా మావ మొదట వలిసె నూనె రాశాడు. అది నెల రోజులకి జిగురై దుమ్మంతా పట్టేసింది. అత్త నవ్వింది. ఇప్పుడు కుట్టుమిషను నూనె రాస్తున్నాడు. పాకలో బీడీ, దీపం నిషేధం. పొట్టు రోజూ ఊడ్చి అత్త పొయ్యిలోకి పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ చోటు మాత్రం మనిషికీ కాదు, బల్లకీ కాదు. ఒక వైపు గోడ పొడవునా పలకలు ఆరబెట్టే అర ఉంది. పలకకీ పలకకీ మధ్య అంగుళం మందం పుల్లలు పెట్టాలి, పుల్లలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా రావాలి, లేకపోతే పలక వంగిపోతుంది. అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరాలని వడ్రంగుల లెక్క. నేను సైన్సు మాస్టారిని అడిగితే ఇలా చెప్పారు. పచ్చికర్రలో నీరు కణాల లోపలి ఖాళీల్లోనూ, కణాల గోడల్లోనూ ఉంటుంది. ఖాళీల్లో నీరు ముందు పోతుంది, అప్పుడు బరువు తగ్గుతుంది గాని కర్ర కుంచించుకోదు. గోడల్లో నీరు పోవడం మొదలయ్యాకే కుంచించుకుంటుంది. అది కూడా వెడల్పులోనే, పొడవులో దాదాపు ఏమీ ఉండదు. మావ తలుపు పాడైన కారణం నాకు అప్పుడు అర్థమైంది. తలుపు మధ్య పలకని చట్రం గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, జిగురు పెట్టకూడదు, మేకు కొట్టకూడదు. మావ ఆ రోజు తొందరలో మేకులు కొట్టేశాడు.

నేను అడుగు పొడవున్న సిల్వర్ ఓక్ ముక్కని వారం వారం కిరాణా కొట్టు కాటా మీద తూచాను. మొదట 1,480 గ్రాములు. వారానికి 1,310. సెలవులు అయ్యేసరికి 1,020. తర్వాత అత్త కూతురు తూచి రాసి పెట్టింది. జనవరిలో మూడు వారాలు వరసగా 890 దగ్గరే ఆగింది. "ఇప్పుడు ముట్టుకోవచ్చు" అన్నాడు మావ. ఆ పలకలతో మొదట చేసింది ఒక కిటికీ. తలుపు పాడైన ఆయన ఇంకా రాలేదు గాని, కిటికీ చేయించుకున్నది ఆయన తమ్ముడే. మావ విశాఖపట్నం వెళ్ళలేదు.

చివరగా వార్డెన్ గారికి ఒక మనవి. మన స్టోరు గది వెనక వరండా నా అడుగులతో కొలిస్తే పన్నెండు పొడవు, ఆరు వెడల్పు వచ్చింది, ఉత్తరం వైపు తెరిచి ఉన్నది. విరిగిన బెంచీలు మూడు అక్కడే పడి ఉన్నాయి. రెండింటికి కుసులు బెజ్జంలో వదులయ్యాయి అంతే, చెక్క బాగానే ఉంది. తమరు అనుమతిస్తే దసరా సెలవుల తర్వాత మావ దగ్గర ఒక సుత్తి, రెండు ఉలులు అడిగి తెస్తాను. ఆదివారం సాయంత్రాలు నాతో పాటు పని చేస్తామని ఇద్దరు ఇప్పటికే చెప్పారు.

- 9వ తరగతి విద్యార్థి